సహవృత్తి నిర్వాహకుడు : పట్టా లేని గ్రంథాలయోద్యోగి ప్రస్థానం

గ్రంథాలయం అనగానే గ్రంథపాలకుడు స్ఫురిస్తాడు. అయితే ఉదయం తలుపులు తెరిపించి, కొత్తగా వచ్చిన పుస్తకాలను పరిగ్రహణ రిజిస్టరులో చేర్పించి, అలమారులలో వరుస తప్పిన సంపుటాలను సరిచేయించి, పుస్తకం దొరకని పాఠకునికి సమాధానం చెప్పి, రాత్రి లెక్క చూసుకొని తాళం వేయించే వ్యక్తి చాలాచోట్ల గ్రంథపాలకుడు కాడు. ఆ వ్యక్తికి గ్రంథాలయశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా ఉండదు. ఉద్యోగనామంలో గ్రంథపాలక శబ్దమూ ఉండదు. కాని అతని కింద నలుగురైదుగురు పనిచేస్తుంటారు. ఒక విభాగం మొత్తం అతని మాట మీద నడుస్తుంది. ఇటువంటి ఉద్యోగిని అమెరికా గ్రంథాలయ పరిభాషలో పారాప్రొఫెషనల్ మేనేజరు అంటారు. ఈ తరగతి ఎట్లా ఏర్పడింది, అందులో ఉద్యోగజీవితాన్ని నిర్మించుకోవడం అంటే ఏమిటి, ప్రాచ్యవిద్యాసంస్థల గ్రంథాలయాలకు ఈ విషయంతో గల సంబంధం ఎటువంటిది అనే అంశాలు ఈ వ్యాసంలో విచారింపబడుతున్నాయి.

పదవిచారం

ముందుగా పేరు సంగతి తేల్చుకోవాలి. పారాప్రొఫెషనల్ అనే పదంలోని పూర్వభాగం గ్రీకు ఉపసర్గ. దానికి పక్కన, వెంట అని అర్థం. వృత్తిపరుని పక్కన నిలిచి పనిచేసేవాడు అని మొత్తం మీద భావం. దీనికి 'ఉపవృత్తి' అనే మాట వెంటనే తోస్తుంది. కాని తెలుగులో ఉపవృత్తి అంటే ప్రధానవృత్తికి తోడుగా చేసుకొనే మరొక జీవనోపాధి. వ్యవసాయదారునికి పాడి ఉపవృత్తి. గ్రంథాలయోద్యోగి విషయంలో ఈ మాట వాడితే అతడు తీరిక వేళల్లో వచ్చి పుస్తకాలు సర్దిపోయేవాడని భ్రమ కలుగుతుంది. 'అనువృత్తి' అందామంటే అది వైయాకరణుల సొత్తు; పూర్వసూత్రంలోని పదం ఉత్తరసూత్రాలలోకి నడిచి వచ్చినట్లు ఈ ఉద్యోగి గ్రంథపాలకుని వెనుక నడిచి వస్తాడని చమత్కారంగా అనవచ్చునేమో గాని పరిభాషకు అది పనికిరాదు. అందుచేత ఇక్కడ 'సహవృత్తి' అనే పదం గ్రహింపబడింది.

ఉపసర్గ విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే, పేరులోనే హోదా ఇమిడి ఉంటుంది. ఆచార్య, ఉపాధ్యాయ శబ్దాల చరిత్ర ఇందుకు నిదర్శనం. మనుస్మృతి ద్వితీయాధ్యాయం ప్రకారం ఉపనయనం చేసి కల్పరహస్యాలతో సహా వేదాన్ని చెప్పేవాడు ఆచార్యుడు. వేదంలో ఏకదేశాన్ని గాని, వేదాంగాలను గాని జీవికకోసం బోధించేవాడు ఉపాధ్యాయుడు. ఆ గ్రంథమే పదిమంది ఉపాధ్యాయులకంటె ఒక్క ఆచార్యుడు అధికుడని లెక్క కూడా కట్టింది. పూర్ణవిద్య ఒకరిది, ఏకదేశవిద్య మరొకరిది. ఒకరిది ధర్మం, రెండవవారిది వేతనం. ఇరవయ్యవ శతాబ్దపు అమెరికా గ్రంథాలయవేత్తలు గీసిన గీత కూడా సరిగా ఇక్కడే పడింది. అయితే ఈనాటి తెలుగులో ఉపాధ్యాయుడనే మాటలో న్యూనతాభావం ఏ కొంచెమూ లేదు. శబ్దంలోని తక్కువతనాన్ని వాడుక కడిగివేసింది.

గీత గీసినవారు

1887లో మెల్విల్ డ్యూయీ న్యూయార్కులోని కొలంబియా కళాశాలలో గ్రంథాలయ నిర్వహణ పాఠశాలను ప్రారంభించాడు. అంతకుముందు ఈ పనిని ఎవరైనా మరొకరి దగ్గర చూసి నేర్చుకోవలసిందే. డ్యూయీ పాఠశాలలోనూ అభ్యాసానికే ప్రాధాన్యం. సూచీపత్రాలు రాయడానికి గుండ్రని చేతివ్రాతను సైతం అలవరచేవారు. పట్టా ఉన్నవారికి, లేనివారికి నడుమ స్పష్టమైన విభజన 1923లో వచ్చింది. ఆ సంవత్సరం కార్నెగీ కార్పొరేషన్ కోసం ఛార్లెస్ విలియమ్సన్ సిద్ధం చేసిన నివేదిక గ్రంథాలయాలలోని పనిని వృత్తిపరమైనది, గుమాస్తా పని అని రెండుగా విడదీసింది. మొదటిదానికి విశ్వవిద్యాలయస్థాయి విద్య కావాలనీ, రెండవదానికి తక్కువ శిక్షణ చాలుననీ ప్రతిపాదించింది. తరువాత చికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధన ప్రధానమైన గ్రంథాలయ విద్యావిభాగం ఏర్పడింది. 1951లో అమెరికన్ గ్రంథాలయ సంఘం నిర్ణయించిన ప్రమాణాలతో స్నాతకోత్తర పట్టాయే వృత్తిప్రవేశానికి ద్వారమైంది.

విలియమ్సన్ నివేదికలో ఒక చిక్కు ఉంది. పనిని రెండుగా విడదీయడం కాగితం మీద సులభం. కాని గ్రంథాలయంలో పని పుస్తకం వెంట నడుస్తుంది; పుస్తకం గుమాస్తా బల్ల దగ్గర ఆగి, వృత్తిపరుని బల్ల దగ్గరకు ప్రత్యేకంగా వెళ్ళదు. ఒక సంపుటానికి రెండు ముఖపత్రాలు ఉన్నాయి, వాటిలో దేనిని ప్రమాణంగా తీసుకోవాలన్న సందేహం అది చేతిలో ఉన్న మనిషికే వస్తుంది. ఆ మనిషి తేల్చుకోగలిగితే పని అక్కడే ముగుస్తుంది. ఈ విధంగా రెండు తరగతుల నడుమ మూడవ తరగతి ఒకటి ఎవరూ సృష్టించకుండానే పుట్టింది.

దానికి అధికారికమైన గుర్తింపు 1970లో లభించింది. లెస్టర్ ఆషైమ్ రూపొందించగా అమెరికన్ గ్రంథాలయ సంఘం ఆమోదించిన విద్యా మానవవనరుల విధానపత్రం గ్రంథాలయ సిబ్బందిని ఐదు మెట్లుగా పేర్కొంది: గుమాస్తా, సాంకేతిక సహాయకుడు, అసోసియేట్, గ్రంథపాలకుడు, జ్యేష్ఠ గ్రంథపాలకుడు. సాంకేతిక సహాయకుడు, అసోసియేట్ అనే రెండూ సహవృత్తి స్థానాలు. అసోసియేట్‌కు సాధారణ డిగ్రీ ఉంటే చాలు. ఈ పత్రంలో మరింత విలువైన అంశం వేరొకటి ఉంది. గ్రంథాలయశాస్త్రంలో కాక ఇతర శాస్త్రాలలో నిష్ణాతులైనవారికోసం అది పక్కన మరొక నిచ్చెనను నిలబెట్టింది. భాషావేత్త, లెక్కల నిపుణుడు, కంప్యూటరు నిపుణుడు మొదలైనవారు గ్రంథపాలకునితో సమానమైన స్థానాన్ని తమ శాస్త్రం ద్వారానే పొందవచ్చునని దాని తాత్పర్యం. ప్రాచ్యగ్రంథాలయాల చర్చలో ఈ రెండవ నిచ్చెన మళ్ళీ అవసరపడుతుంది.

విభాగాలు చేతులు మారిన వైనం

విధానపత్రం పేర్లు ఇచ్చింది. పనిని మాత్రం యంత్రం ఇచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని కళాశాలలు కలిసి 1967లో ఏర్పరచుకొన్న ఓ.సి.ఎల్.సి. అనే సంస్థ 1971లో ఉమ్మడి కంప్యూటరు సూచీని ప్రారంభించింది. ఒక గ్రంథానికి ఒక గ్రంథాలయం సూచీసంలేఖం తయారుచేస్తే మిగిలినవి దానినే గ్రహించవచ్చు. అంతవరకు ప్రతి గ్రంథాలయంలోనూ పట్టా ఉన్న సూచీకారుడు ఒకే పుస్తకాన్ని మొదటినుంచి మళ్ళీ పరిశీలించి రాసేవాడు. ఉమ్మడి సూచీ వచ్చిన తరువాత దొరికిన సంలేఖాన్ని చేతిలోని పుస్తకంతో సరిపోల్చి, తేడాలు దిద్దుకొంటే సరిపోయింది. ఈ పని సహవృత్తి ఉద్యోగుల వశమైంది. క్రమంగా వారి సంఖ్య పెరిగింది, వారికి పని అప్పగించి తప్పులు దిద్దే మనిషి కావలసివచ్చింది. ఆ మనిషి కూడా వారినుంచే వచ్చాడు.

అదే 1971లో మరొక పరిణామం కలిగింది. అమెరికా కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం గ్రంథపాలకులకు అధ్యాపకహోదా ఇవ్వాలని ప్రమాణాలను ఆమోదించింది. అధ్యాపకహోదా పొందినవారు పరిశోధనపత్రాలు రాయాలి, విశ్వవిద్యాలయ సంఘాలలో కూర్చోవాలి, సదస్సులకు వెళ్ళాలి. ఇవన్నీ పగటివేళ జరిగేవే. గ్రంథాలయం మాత్రం రాత్రి పదకొండు, పన్నెండు గంటల దాకా, సెలవుదినాలలోనూ తెరిచి ఉండాలి. జారీ విభాగం, అలమారుల నిర్వహణ, అంతర్గ్రంథాలయ ఎరువు, పాఠ్యగ్రంథాల ప్రత్యేక నిల్వ, పత్రికల రాకపోకల నమోదు ఒకటొకటిగా పట్టా లేని నిర్వాహకుల చేతికి వచ్చాయి. 1992లో లారీ ఓబర్గ్, ఆయన సహచరులు ప్రకటించిన దేశవ్యాప్త సర్వేక్షణ విద్యాసంస్థల గ్రంథాలయాలలో ఈ ఉద్యోగుల పనులు గ్రంథపాలకుల పనులతో ఎంతగా పెనవేసుకొన్నాయో చూపించింది. ఒకనాడు వృత్తిరహస్యాలుగా భావింపబడిన రిఫరెన్సు సేవ, సూచీకరణ కూడా అందులో ఉన్నాయి. 1993లో అమెరికన్ గ్రంథాలయ సంఘంలోనే సహాయక సిబ్బందికి ప్రత్యేకమైన వేదిక ఏర్పడింది.

ఉద్యోగజీవిత నిర్మాణం

సహవృత్తి నిర్వాహకుని ప్రస్థానంలో మొదట గ్రహించవలసింది పదోన్నతి స్వభావం. అధ్యాపకుని ఉన్నతి వ్యక్తికి చెందుతుంది. అతని పరిశోధన, అనుభవం పెరిగితే హోదా పెరుగుతుంది. సహవృత్తి ఉద్యోగి ఉన్నతి చాలావరకు స్థానానికి చెందుతుంది. స్థానానికి ఒక విధివివరణపత్రం ఉంటుంది. వేతనశ్రేణిని నిర్ణయించేది ఆ పత్రమే. ఉద్యోగి పదేళ్ళలో ఎంత నేర్చినా పత్రం మారకపోతే జీతం మారదు. పని పెరిగి పత్రం పాతదిగానే ఉండిపోవడం ఈ తరగతిలో సర్వసాధారణం. కాబట్టి అనుభవజ్ఞులు తమ విధులలో కొత్తగా చేరినవి ఏవి, వాటికి వారంలో ఎంత కాలం పడుతున్నది, ఎంతమంది పనిని తాము పర్యవేక్షిస్తున్నారు, ఎంత ధనం తమ చేతిమీదుగా పోతున్నది అనేవి లెక్కగా రాసుకొంటారు. స్థాననిర్ణయాన్ని పునఃపరిశీలింపుమని సిబ్బంది శాఖను కోరేటప్పుడు ఈ లెక్కే ఆధారం. విధేయత, దీర్ఘసేవ వంటివి అర్జీలో శోభిస్తాయి గాని శ్రేణిని మార్చవు.

రెండవది ప్రావీణ్యాన్ని ఎన్నుకోవడం. అన్ని విభాగాలలో కొంచెం కొంచెం తెలిసిన ఉద్యోగి ఎక్కడికైనా పనికివస్తాడు. అందుచేతనే అతనిని ఎక్కడికైనా పంపుతారు. అంతర్గ్రంథాలయ ఎరువు వంటి ఒక్క విభాగాన్ని ఆమూలాగ్రం తెలుసుకొన్నవారి పరిస్థితి వేరు. ఏ సంస్థ ఏ పత్రికను ఎరువిస్తుంది, గ్రంథస్వామ్య చట్టం ఎంతవరకు నకలును అనుమతిస్తుంది, పాఠకుడు తప్పుగా రాసిన పేరునుంచి అసలు గ్రంథాన్ని ఎట్లా పట్టుకోవాలి అనేది పాఠ్యక్రమంలో కొంత, అనుభవంలో చాలా ఉంటుంది. అటువంటి జ్ఞానం ఉన్నచోట నిర్వాహకత్వం తనంత తాను వచ్చి చేరుతుంది.

మనుష్యులను నడపడం మూడవది, కష్టమైనదీ ఇదే. అమెరికా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో జారీబల్ల దగ్గర గంటలెక్కన పనిచేసేవారు చాలామంది విద్యార్థులు. ప్రతి అర్ధసంవత్సరం కొందరు వెళ్ళిపోతారు, కొందరు కొత్తగా వస్తారు. పరీక్షల సమయంలో పాఠకుల రద్దీ పెరుగుతుంది, సరిగా అప్పుడే పనివారు సెలవు అడుగుతారు. ఈ చక్రంలో విభాగం నిలబడాలంటే తెలిసినదంతా తలలో పెట్టుకొని తిరిగితే చాలదు. తాళం చెవుల మొదలు, పోయిన పుస్తకానికి రుసుము కట్టించే పద్ధతి వరకు రాతలో ఉండాలి. కార్యవిధాన పుస్తకం రాయగలగడమే ఈ తరగతి నిర్వాహకుని పాండిత్యానికి గీటురాయి అంటే అతిశయోక్తి కాదు. ఇంకొక ఇబ్బంది ఉంది. నిన్నటిదాకా పక్కబల్లలో కూర్చొన్న సహోద్యోగి నేడు తన కిందివాడవుతాడు. కలిసి భోజనం చేసినవారి ఆలస్యాన్ని హాజరుపట్టీలో గుర్తించవలసి వస్తుంది. పట్టా ఉన్న నిర్వాహకునికి పై హోదా ముందే దూరాన్ని కల్పిస్తుంది. సహవృత్తి నిర్వాహకుడు ఆ దూరాన్ని తన నడవడితోనే సంపాదించుకోవాలి, స్నేహాన్ని పోగొట్టుకోకుండా.

ఇంతచేసినా ఒకచోట పైకప్పు తగులుతుంది. విశ్వవిద్యాలయం నుంచి అప్పుడే పట్టా పుచ్చుకొని వచ్చిన యువ గ్రంథపాలకురాలు విభాగాధిపతిగా నియమితురాలవుతుంది. ఆమెకు ఆ గ్రంథాలయం నడిచే తీరు నేర్పేది పదిహేనేళ్ళనుంచి అక్కడ ఉన్న సహవృత్తి ఉద్యోగినియే. నేర్పిన తరువాత ఆమె ఆజ్ఞలనే పాటించాలి. ఈ వర్గంలో స్త్రీల సంఖ్య అధికం కావడం వల్ల, కుటుంబభారంతో ఊరు విడిచి చదువుకు వెళ్ళలేనివారు ఎందరో ఇక్కడే ఆగిపోతారు. పట్టా సంపాదించినా కొన్నిచోట్ల సొంత గ్రంథాలయం వారిని గ్రంథపాలకులుగా తీసుకోదు. దేశవ్యాప్తంగా దరఖాస్తులు పిలిచే నియామకంలో పాత ముఖానికి ప్రత్యేకమైన ఆదరం ఉండదు. పట్టా చేతికి వచ్చిన మరుసటి దినం ఊరు మారడానికి సిద్ధంగా ఉన్నవారికే ఆ వ్యయం ఫలిస్తుందని చెప్పడం న్యాయం.

పట్టా వైపు పోనివారికోసం అమెరికన్ గ్రంథాలయ సంఘం అనుబంధసంస్థ 2010లో సహాయక సిబ్బంది ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించింది. ఉన్నత పాఠశాల విద్య, గత ఐదేళ్ళలో కనీసం ఒక సంవత్సరపు పనికి సమానమైన అనుభవం ప్రవేశార్హతలు. పది సామర్థ్యవిభాగాలలో ఆరింటిని నాలుగేళ్ళలోగా పూర్తిచేయాలి. గ్రంథాలయసేవల మూలసూత్రాలు, పరస్పర వ్యవహారం, సాంకేతికత అనే మూడు తప్పనిసరి. పర్యవేక్షణ, నిర్వహణ ఐచ్ఛికాలలో ఒకటి. నిర్వహణను ఐచ్ఛికంగా ఉంచడం విమర్శకు తావిచ్చే విషయమే. పథకంలో మంచి గుణం ఒకటుంది: ఆమోదిత కోర్సులు పూర్తిచేయడమే కాక, ఉద్యోగి తన గ్రంథాలయంలో చేసిన పనికి సంబంధించిన ఆధారాల సంపుటి కూడా యోగ్యతకు నిదర్శనంగా అంగీకరింపబడుతుంది.

కావలి లక్ష్మయ్య ఉదంతం

పట్టా అనే మాట పుట్టకముందే తెలుగువారిలో ఒక సహవృత్తి నిర్వాహకుడు ఉన్నాడు. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశమంతటా తాళపత్రాలు, శాసనాల నకళ్ళు, గ్రామ కైఫీయతులు సేకరించాడని ప్రసిద్ధి. సేకరించిన చేతులు మాత్రం ఆయన పండితసిబ్బందివి. వారిలో ముఖ్యుడు కావలి వెంకట బొర్రయ్య. భారతీయవిజ్ఞానంలో తన ప్రవేశం బొర్రయ్య ద్వారానే కలిగిందని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో ఒప్పుకొన్నాడు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే మరణించగా తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత వహించాడు. వివిధప్రాంతాలు తిరిగే సహాయకులకు సూచనలు పంపడం, వారి నివేదికలను గ్రహించడం, వచ్చిన ప్రతులను భాషలవారీగా ఏర్పరచి అనువాదాలు చేయించడం ఆయన విధులు. ఈనాటి లెక్కలో ఇది సేకరణ విభాగాధిపతి ఉద్యోగం.

1821లో మెకంజీ మరణించాడు. సేకరణ అప్పటికే కలకత్తాలో ఉంది. దాని వివరణాత్మకసూచిని 1828లో హెచ్.హెచ్. విల్సన్ ప్రకటించాడు. మెకంజీ వదలిపోయిన పనిని కొనసాగించడానికి తనకు అవకాశమిమ్మని లక్ష్మయ్య ప్రభుత్వాన్ని కోరాడు. మద్రాసులో హిందూ సాహిత్యసమాజాన్ని సైతం నెలకొల్పి తన ప్రయత్నానికి సంస్థాబలం చేకూర్చాడు. ఆ విన్నపం అభిప్రాయంకోసం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి వెళ్ళింది. బ్రాహ్మీలిపిని ఛేదించి చిరకీర్తిని పొందబోతున్న జేమ్స్ ప్రిన్సెప్ అప్పుడు దాని కార్యదర్శి. 1836లో సొసైటీ ఇచ్చిన సమాధానం నిర్దయమైనది: లక్ష్మయ్యకే కాదు, స్వదేశీయులలో ఎవరికైనా ఇటువంటి కార్యానికి తగిన యోగ్యత ఉందని చెప్పడం కష్టమన్నది దాని సారం. సేకరించడానికి పనికివచ్చినవాడు పరిశీలించడానికి, వర్గీకరించడానికి పనికిరాలేదు. పని రెవరెండ్ విలియం టేలర్‌కు అప్పగింపబడింది. టేలర్ సూచీలలోని దోషాలను తరువాతి పండితులు ఎత్తిచూపుతూనే వచ్చారు.

ఇక్కడ జాతివివక్ష ప్రధానకారణమన్న మాట నిర్వివాదం. కాని వివక్ష తొడుక్కొన్న వేషం గమనింపదగినది. అది యోగ్యతను గురించిన వాదం. పద్ధతి తెలిసినవాడు ఒకడు, వస్తువు తెలిసినవాడు ఇంకొకడు; పద్ధతే ఉత్తమమైనది, వస్తుజ్ఞానం కూలికి దొరుకుతుంది అని ఆ వాదం. మెకంజీ ప్రతుల మీద పనిచేసిన ప్రతి పరిశోధకుడు ఈనాటికీ లక్ష్మయ్య సహాయకుల నివేదికలను ఆశ్రయించకతప్పడం లేదు. ఏ ప్రతి ఏ ఊరిలో, ఎవరి ఇంట, ఏ పరిస్థితిలో దొరికిందో ఆ నివేదికలే చెబుతాయి.

పట్టా ఎంతవరకు

దీనినిబట్టి పట్టా నిరర్థకమని సిద్ధాంతం చేయడం తగదు. ఎస్.ఆర్. రంగనాథన్ విషయమే చూడవచ్చు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా నియమితుడయ్యేనాటికి ఆయన గణితాధ్యాపకుడు. గ్రంథాలయ శిక్షణ ఏదీ లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి అదే సంవత్సరం లండన్ వెళ్ళి విశ్వవిద్యాలయ కళాశాలలో చదివాడు, పలు ఆంగ్ల గ్రంథాలయాలను పరిశీలించాడు. తిరిగి వచ్చి 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘం తరఫున శిక్షణ పాఠశాలను ప్రారంభించాడు. 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాలు, 1933లో కోలన్ వర్గీకరణ వెలువడ్డాయి. శాస్త్రం లేకుండా వచ్చినవాడే శాస్త్రాన్ని నిర్మించాడు. అయితే శాస్త్రం అవసరమని అందరికంటె ముందు గుర్తించినవాడూ ఆయనే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం సహాయ గ్రంథపాలకునికైనా గ్రంథాలయశాస్త్రంలో 55 శాతం మార్కులతో స్నాతకోత్తర పట్టా, జాతీయ అర్హతపరీక్ష కావాలి. 1924 నాటి రంగనాథన్ ఈ నిబంధన ముందు నిలవడు.

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం మాటకొస్తే అది మొత్తం పట్టా లేనివారి నిర్మాణమే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచిన అయ్యంకి వెంకటరమణయ్యకు వృత్తివిద్య లేదు. ఊరూరా గ్రంథాలయాలను నడిపినవారు బడిపంతుళ్ళు, వకీళ్ళు, రైతులు. శిక్షణ అవసరాన్ని ఆ ఉద్యమమే గుర్తించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1935లోనే డిప్లొమా స్థాయి బోధన ప్రారంభమైంది.

ప్రాచ్యగ్రంథాలయాలలో ఎవరు సహవృత్తి?

ప్రాచ్యకళాశాలల గ్రంథాలయానికి వస్తే ప్రశ్న తలకిందులవుతుంది. అక్కడ విద్వాన్ లేదా భాషాప్రవీణ పట్టా గల పండితుడు పుస్తకాలను చూస్తుంటాడు. సర్టిఫికెట్ కోర్సు చదివి ఉండవచ్చు, లేకపోవచ్చు. వృత్తినిబంధనల లెక్కలో అతడు సహవృత్తి ఉద్యోగి. కాని అతని ముందు ఉన్న కట్టను విప్పితే పరిస్థితి బోధపడుతుంది. ఆదిలో ఆకులు లేవు; గ్రంథనామం లేదు. లిపి తెలుగు, భాష సంస్కృతం, మధ్యలో టీక. ఒకే కట్టలో మూడు గ్రంథాలు. చివర లేఖకుడు తన పేరు, సంవత్సరనామం, తిథి రాసి, మాతృకలో చూసినట్లే రాశానని దోషాలకు క్షమాపణ కోరుకొన్నాడు. సంవత్సరనామం అరవయ్యేళ్ళకొకసారి తిరిగివస్తుంది. వారమూ తిథీ కలిపి గణిస్తేగాని శకం తేలదు. గ్రంథాన్ని గుర్తించడానికి ఛందస్సు, ప్రథమశ్లోకం, వ్యాఖ్యానశైలి తెలియాలి. 1935లో మద్రాసు విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన నూతన గ్రంథసూచీ మహాసంకలనం వంటి సాధనాలను వాడడం రావాలి. ఇందులో ఏదీ గ్రంథాలయశాస్త్ర స్నాతకోత్తర పాఠ్యక్రమం నేర్పదు.

ఆషైమ్ విధానపత్రంలోని రెండవ నిచ్చెన ఇక్కడ వర్తిస్తుంది. ఈ పండితుడు గ్రంథపాలకుని కింది మెట్టు మీద లేడు. పక్క నిచ్చెన మీద ఉన్నాడు. ఆ నిచ్చెన అమెరికా కాగితం మీద ఉంది, మన నియామక నిబంధనలలో లేదు. ఫలితంగా రెండు రకాల నష్టం కలుగుతున్నది. పండితుడు పదవీవిరమణ చేస్తే ఆ స్థానం ఖాళీగా ఉండిపోతుంది, లేదా పట్టా ఉండి లిపి తెలియనివారితో నిండుతుంది. మరొకవైపు, లిపి తెలిసి నిర్వహణ తెలియని పండితుని చేతిలో సేకరణ అతని స్మృతికి బందీ అవుతుంది. ఏ కట్ట ఎక్కడ ఉన్నదో ఆయనకు తెలుసు, ఆయనకే తెలుసు.

ఈ రెండవ నష్టాన్ని తప్పించడం మాత్రం పండితుని చేతిలోనే ఉంది. సహవృత్తి నిర్వాహకులు జారీబల్ల దగ్గర నేర్చుకొన్న పాఠం తాళపత్రాలకూ చెల్లుతుంది. ప్రతి కట్టకు శాశ్వతసంఖ్య ఇవ్వడం, ఆ సంఖ్యను చెక్కపలక మీద, రిజిస్టరులో, సూచీపత్రం మీద ఒకే విధంగా రాయడం మొదటి పని. ఆకుల లెక్క, లోపించిన ఆకులు, పురుగు తొలిచిన భాగాలు, నిమ్మగడ్డి నూనె పట్టించిన తేదీ నమోదుకావాలి. పరిశోధకునికి ప్రతిని ఇచ్చేటప్పుడు, తిరిగి తీసుకొనేటప్పుడు ఆకులు లెక్కపెట్టించి సంతకం తీసుకోవాలి. గొప్ప పండితుడు వచ్చినా సరే ఈ నియమం సడలరాదు, ఎందుకంటే ఆకులు పోయిన చరిత్రలో గొప్పవారి పేర్లూ వినబడుతూనే ఉంటాయి. గుర్తింపులో సందేహం ఉంటే సందేహమని రాయాలి. సూచిలో నిశ్చయంగా రాసిన తప్పు నూరేళ్ళు ఇతరసూచులలోకి పాకుతుంది.

శిక్షణకు మార్గాలు మూసుకొని లేవు. 2003లో ప్రారంభమైన జాతీయ పాండులిపి పథకం కింద లిపిశాస్త్రం, పాఠపరిష్కరణ, సంరక్షణల మీద శిక్షణశిబిరాలు అనేక సంస్థలలో జరిగాయి. గ్రంథాలయశాస్త్ర పట్టాను ఉద్యోగం విడువకుండా దూరవిద్యలో చదివే వీలును హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం కల్పిస్తున్నాయి. విద్వాన్ పట్టాకు ఈ పట్టా తోడైన ఉద్యోగి రెండు నిచ్చెనల మీద ఒకేసారి నిలబడగలడు. అయితే కళాశాల యాజమాన్యం చేయవలసిన పని ఒకటి మిగిలే ఉంటుంది: గ్రంథాలయంలోని పండితుని విధివివరణపత్రాన్ని బయటికి తీసి చదవడం. చాలా కళాశాలలలో అటువంటి పత్రమే ఉండదు. ఉన్నచోట పుస్తకాలను భద్రపరచుట, ఇచ్చిపుచ్చుకొనుట అన్న మాటలకు మించి కనిపించదు. ప్రతుల గుర్తింపు, కాలనిర్ణయం, సూచీరచన, పరిశోధకులకు మార్గదర్శనం అన్న నాలుగు విధులు అందులో చేరితే, తరువాత ఆ స్థానానికి ప్రకటన ఇచ్చేటప్పుడు ఏ అర్హతలు అడగాలో ఆ పత్రమే చెబుతుంది.